దాల్చిన చెక్క టీలో పాలు పోయరు

అమెరికాలో ఇళ్ళు కట్టేవాళ్ళకి పోపు గురించి ఎవరూ చెప్పినట్టు లేరు. చెప్పి ఉంటే పొయ్యికి సరిగ్గా నడినెత్తిన ఆ పొగ అలారం బిగించి ఉండేవాళ్ళు కాదు. ఇల్లు కాలడానికీ, ఎండుమిర్చి వేగడానికీ తేడా తెలియని యంత్రం అది. బ్రెడ్డు మాడితే ఊరుకుంటుంది. మనం నాలుగు ఆవాలు, చిటికెడు ఇంగువ వేసేసరికి మాత్రం హత్య జరిగినట్టు కేకలు పెడుతుంది.

మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఉండే ఫణికి ఈ అలారం మీద ప్రత్యేకమైన కోపం. అతని ఉద్యోగం ఒక కార్ల కంపెనీలో. సీటు బెల్టు పెట్టుకోకపోతే టింగు టింగుమని మోగుతుందే, ఆ శబ్దానికి సాఫ్ట్‌వేర్ రాస్తాడు. పగలంతా జనాన్ని విసిగించే శబ్దం తయారుచేసి, సాయంత్రం ఇంటికొచ్చి ఇంకొకడు తయారుచేసిన శబ్దాన్ని తిట్టుకుంటాడు. ఇందులో అతనికి వింతేమీ కనపడదు.

రూమ్మేట్ రఘువీర్ ఒక ఉపాయం చేశాడు. హోటల్ నుంచి తెచ్చిన షవర్ క్యాప్‌ని అలారానికి తొడిగాడు. హోటల్ గదికి డబ్బు కట్టాక సబ్బులు, షాంపూలు, క్యాపులు సంచీలో వేసుకోకుండా వచ్చేస్తే మనవాళ్ళకి ఆ రాత్రి నిద్ర పట్టదు. క్యాపు చాలాకాలం చక్కగా పనిచేసింది. జనవరిలో ఒక శనివారం పొద్దున ఫణి చారు పోపు వేస్తూ ఉండగా ఊడి కిందపడింది.

ఆ బిల్డింగ్‌లో ఒక అలారం మోగితే అన్నీ మోగుతాయి. అందరూ బయటకి రావాల్సిందే. పార్కింగ్ లాట్‌లో మోకాలెత్తు మంచు. మిగతావాళ్ళు కోట్లు, బూట్లు వేసుకుని దిగారు. ఫణి లుంగీతో, హవాయి చెప్పులతో, చేతిలో గరిటెతో దిగాడు. అందరూ ముందు గరిటె వైపు, తర్వాత ఫణి వైపు చూశారు. పోలీసులకి కూడా అంత స్పష్టమైన సాక్ష్యం అరుదుగా దొరుకుతుంది.

పొడుగు జాకెట్టు వేసుకున్న ఒకమ్మాయి, కప్పు పట్టుకుని దగ్గరికొచ్చింది.

"ఫైర్ నువ్వేనా?"

తెలుగే. కాకపోతే 'ర' దగ్గర నాలుక అమెరికా దాకా వెళ్ళొచ్చింది.

"ఫైర్ కాదండి. చారు పోపు."

"చారుకి రెండు ఫైర్ ట్రక్స్ వచ్చినాయి."

"నేను పిలవలేదండి. వాళ్ళే వచ్చారు."

"వెల్‌కమ్ టు మిషిగన్. నువ్వు లుంగీలో ఫ్రీజ్ అవుతావు. ఇది తాగు."

"పర్వాలేదండి."

"నీ లిప్స్ బ్లూ ఉన్నాయి. డ్రామా చేయకు, తాగు."

ఫణి ఒక గుక్క తాగి కప్పులోకి చూశాడు. ఎర్రగా ఉంది. వేడిగా, తియ్యగా ఉంది. టీ మాత్రం కాదు.

"టీ పొడి వేయడం మర్చిపోయారండి."

"టీ పొడి ఉండదు."

"పాలు కూడా మర్చిపోయారు."

"ఇచ్చెయ్ నా కప్పు."

ఫణి ఇవ్వలేదు. రెండో గుక్కకి చెవుల దాకా వేడి పాకింది. మూడో గుక్కకి పాలు లేని విషయం మర్చిపోయాడు. అలారం ఆగి జనం లోపలికి వెళ్తున్నా కప్పు అతని చేతిలోనే ఉంది.

"ఇది మెక్సికన్ టీ. సినమన్ అంతే. కనేలా అంటారు," అంది అమ్మాయి.

"ఓ, దాల్చిన చెక్కేనా. మా ఇంట్లో డబ్బాడు ఉందండి. ఇందులో ఏముంది, నేనూ చేస్తా. వచ్చే శనివారం రండి."

లుంగీలో వణుకుతూ, బిల్డింగ్ మొత్తాన్ని మంచులో నిలబెట్టిన పది నిమిషాలకే ఒక అమ్మాయిని ఇంటికి పిలవడానికి ధైర్యం కావాలి. లేదా బొత్తిగా తెలివి లేకపోవాలి. ఫణి దగ్గర ఏది ఉందో పోనుపోనూ తేలుతుంది.

అమ్మాయి పేరు భవిత. పై అంతస్తులో ఉంటుంది. పుట్టింది, పెరిగింది టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో. పశువుల డాక్టరు. వాళ్ళమ్మా నాన్నా అందరికీ 'మా అమ్మాయి డాక్టర్' అని చెప్పి అక్కడ ఆపేస్తారు. ఎవరైనా మోకాళ్ళ నొప్పులు చూపించబోతే మాట మారుస్తారు.

శనివారం వచ్చింది. ఫణి పోపుల పెట్టె తీశాడు. అందులో ఇండియన్ స్టోర్‌లో కొన్న దాల్చిన చెక్క, తలుపు పట్టీలా మందంగా, లవంగాలకీ షాజీరాకీ మధ్యలో ఏళ్ళ తరబడి కాపురం చేస్తోంది. రెండు ముక్కలు వేశాడు. అల్లం లేకుండా టీ ఏమిటని అల్లం వేశాడు. రెండు యాలకులు వేశాడు. చివరికి మనసొప్పక టీ పొడి, పాలు కూడా పోశాడు.

భవిత ఒక గుక్క తాగి కప్పు బల్ల మీద పెట్టింది.

"చికెన్ ఎక్కడ?"

"ఏంటండి?"

"ఇది బిర్యానీ కదా. చికెన్ ఎక్కడుంది అంటున్నా."

సోఫాలో పడుకున్న రఘువీర్ నవ్వాపుకోలేక దగ్గు మొదలుపెట్టాడు.

"కొంచెం ఇంప్రూవ్ చేశానండి," అన్నాడు ఫణి.

"ఎవరు అడిగారు నిన్ను? ఎలెనా అమ్మమ్మ ఇది చూస్తే ఏడుస్తుంది."

ఎలెనా గారు భవితకి అమ్మమ్మ కాదు. శాన్ ఆంటోనియోలో పక్కింటావిడ. భవిత వాళ్ళమ్మా నాన్నా ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్తే, బడి అయ్యాక సాయంత్రం దాకా భవితని చూసుకునేది ఆవిడే. రోజూ మట్టి కుండలో ఈ టీ కాచేది. మన పిల్లలకి బూస్టు ఎలాగో భవితకి ఇది అలాగ.

"మరి మీ ఇంట్లో చేయరా?"

"అమ్మ చేయనివ్వదు. దాల్చిన చెక్క వేడి చేస్తుంది అంట."

ఫణి తలూపాడు. వేడి చేస్తుంది అన్నాక ఇంక తెలుగు ఇంట్లో ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. మామిడిపండు వేడి, బొప్పాయి వేడి, కోడిగుడ్డు వేడి. ఇష్టం లేని వస్తువు ఏదైనా వేడే. ఈ చివరి సంగతి ఫణికి ఆ రోజు తట్టలేదు.

తర్వాతి వారం భవిత అతన్ని మెక్సికన్ కొట్టుకి తీసుకెళ్ళింది. అక్కడి దాల్చిన చెక్క వేరు. పొరలు పొరలుగా, పల్చగా చుట్టుకుని, వేళ్ళతో నలిపితే పొడైపోయేంత మెత్తగా ఉంది. వాసన కూడా కూరలోకి కాకుండా మిఠాయిలోకి దారి చూపిస్తోంది. పక్కనే శంకువుల్లా గోధుమరంగు దిమ్మలు పేర్చి ఉన్నాయి.

"ఇది బెల్లం కదా," అన్నాడు ఫణి.

"కాదు. పిలోన్సీయో."

"బెల్లమే. మెక్సికో వెళ్ళి పేరు మార్చుకుంది."

"నువ్వు మార్చుకోలేదా? ఆఫీస్‌లో నిన్ను ఏమంటారు?"

"ఫిల్," అని ఒప్పుకున్నాడు ఫణి.

భవిత కొట్టంతా తలతిప్పి చూసేలా నవ్వింది. ఆ నవ్వు విన్నాక ఫణికి ఫిల్ అన్న పేరు మీద మొదటిసారి గౌరవం కలిగింది.

బయటకొచ్చి కారెక్కారు. సన్నగా వాన, అందులో కలిసి కాస్త మంచు. భవిత సీటు బెల్టు పెట్టుకోలేదు. కారు టింగు టింగుమంది.

"ఇది నాది," అన్నాడు ఫణి.

"ఏది?"

"ఈ సౌండ్. నేను రాసిందే. మొదట మెల్లగా అడుగుతుంది, తర్వాత కొంచెం గట్టిగా అడుగుతుంది. ఆ మధ్యలో గ్యాప్ ఎంతుండాలో తేల్చడానికి మా టీమ్ ఏడాదంతా మీటింగులు పెట్టింది."

వేరే అమ్మాయి అయితే తలుపు తీసుకుని దిగిపోయేది. భవిత బెల్టు చేతిలో పట్టుకుని, పెట్టుకోకుండా, మొత్తం విన్నది.

"మధ్యలో గ్యాప్ బావుంది," అంది.

ఫణి జీవితంలో అతని పనిని ఎవరూ అంతలా మెచ్చుకోలేదు. మేనేజర్ అసలే మెచ్చుకోలేదు. ఆ ఉత్సాహంలో నోరు జారాడు.

"భవితా, నాకు నువ్వంటే ఇష్టం."

కారు గట్టిగా టింగు టింగుమంది. భవిత బెల్టు పెట్టుకుంది. నిశ్శబ్దం.

"నాకు కూడా నువ్వు ఓకే," అంది. "కానీ ప్రాబ్లమ్ ఉంది. ఆష్‌బర్న్ అనే ఊళ్ళో శ్రేయాస్ అని ఒక అబ్బాయి. అమ్మ చూసింది. సిటిజన్, సొంత ఇల్లు. ఇంటి కింద ఫినిష్డ్ బేస్‌మెంట్."

"బేస్‌మెంట్ నీకెందుకు?"

"నాకు కాదు, అమ్మకి. అమ్మా నాన్నా నెక్స్ట్ సండే ఇక్కడికి వస్తున్నారు. ఇక్కడ నుంచి నన్ను పెళ్ళిచూపులకి ఆష్‌బర్న్ తీసుకెళ్తారు. నువ్వు అమ్మతో మాట్లాడు. అమ్మ యెస్ అంటే నేను వెళ్ళను."

"నో అంటే?"

"నేను అమ్మని ఏడిపించను ఫణీ. చిన్నప్పుడు చాలా ఏడిపించాను అంట."

ఇంటికొచ్చి ఫణి జరిగింది చెబితే రఘువీర్ లేచి కూర్చున్నాడు.

"అరేయ్, ఎందుకు పరేషాన్ అయితవ్? ఆంటీకి ఏదన్న మంచిగ చేసి పెట్టు. ఫ్లాట్ అయిపోతది."

"ఏం చేయను? చారు తప్ప నాకేం రాదు."

"చారు వద్దు రా నాయనా. మళ్ళ ఫైర్ ఇంజన్ వస్తది. టీ నేర్చుకుంటున్నవ్ గద."

ఫణికి అది దివ్యమైన ఆలోచనలా కనిపించింది. భవితకి ఇష్టమైన టీ. భవిత చిన్నప్పటి టీ. అది అంత బాగా కాచే కుర్రాడిని ఏ తల్లి కాదంటుంది? భవితకి చెప్పకుండా చేసి ఆశ్చర్యపరచాలనుకున్నాడు. మగవాళ్ళు ఆశ్చర్యపరచాలనుకున్నప్పుడల్లా ఆడవాళ్ళకి అదనపు పని తయారవుతుందన్నది అతనికి ఎవరూ చెప్పలేదు.

వారమంతా సాధన చేశాడు. ఆ ఇంట్లో అన్నం దాల్చిన చెక్క వాసన, దుప్పట్లు దాల్చిన చెక్క వాసన. రఘువీర్ ఆఫీసులో అతని పక్కన కూర్చునే వాళ్ళకి ఆకలెక్కువైంది.

ఆదివారం మధ్యాహ్నం ఫణి ఇస్త్రీ చొక్కా వేసుకుని పైకెళ్ళాడు. చేతిలో గిన్నె, సంచీలో చెక్క, దిమ్మ.

భవిత నాన్న రాజారావు గారు ముందు కుశల ప్రశ్నలు వేశారు.

"గ్రీన్ కార్డ్ ఏ కేటగిరీ బాబూ?"

"ఈబీ టూ అంకుల్."

"ప్రయారిటీ డేట్?"

ఫణి చెప్పాడు. గ్రీన్ కార్డ్ క్యూలో అతని వంతు రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టేలా ఉంది. రాజారావు గారు ఎక్స్‌రే చూసిన డాక్టర్‌లా నెమ్మదిగా తల పంకించి, ఇంకేమీ అడగలేదు.

భవిత అమ్మ నాగమల్లేశ్వరి గారు జీన్సు, కుర్తీ వేసుకుని సోఫాలో నిటారుగా కూర్చున్నారు. "శ్రేయాస్ వాళ్ళ బేస్‌మెంట్‌లో బాత్రూం కూడా ఉందట," అన్నారు, ఎవరూ అడగకపోయినా. "నువ్వు కిందే ఉంటావట కదా?"

"అవునాంటీ. ఒక రకంగా బేస్‌మెంటే," అన్నాడు ఫణి. ఎవరూ నవ్వలేదు.

అతను వంటగదిలోకి వెళ్ళి గిన్నె పొయ్యి మీద పెట్టాడు. భవిత వెనకాలే వచ్చింది.

"ఏం చేస్తున్నావ్?"

"చూస్తూ ఉండు."

"ఫణీ, అమ్మకి వేడి చేస్తుంది అని చెప్పాను కదా."

"అందుకే రెండు పుల్లలే వేస్తున్నా."

ఎర్రగా మరిగిన టీ కప్పుల్లో పోసి తెచ్చాడు. కప్పు దగ్గరికి రాగానే నాగమల్లేశ్వరి గారి ముఖం మారిపోయింది.

"ఎవరు నేర్పారు నీకిది?"

"భవిత నేర్పిందాంటీ."

"భవితకి ఎవరు నేర్పారు?"

ఫణి హుషారుగా చెప్పాడు. "ఎలెనా అమ్మమ్మ. భవిత అంటూ ఉంటుంది, చిన్నప్పుడు అమ్మ చేతి వంటలాగా తనకి ఈ టీయే అని."

భవిత కళ్ళు మూసుకుంది. రాజారావు గారు కిటికీలోంచి ఎవరిదో కారు టైర్లు చూడసాగారు.

"అమ్మ చేతి వంట," అన్నారు నాగమల్లేశ్వరి గారు. "మంచిది. ఏమండీ, ఆష్‌బర్న్ వాళ్ళకి ఫోన్ చేయండి. సాయంత్రం బయల్దేరుతున్నామని చెప్పండి."

రాజారావు గారు ఫోన్ తీశారు. భవిత గోడ పక్కనున్న తన సూట్‌కేస్ దగ్గరికి నడిచింది. అది చూసి ఫణికి అన్నిటికంటే ఎక్కువ భయం వేసింది. జోకులన్నీ ఎక్కడికో పోయాయి.

"ఆంటీ, తప్పేమన్నానో నాకు తెలీదు. టీ పారబోయమంటే పారబోస్తా. కానీ భవిత వెళ్ళిపోతే నాకు ఏం చేయాలో తెలీదు."

నాగమల్లేశ్వరి గారు అతన్ని చూశారు. మర్యాద కోసమో, కోపం మీదో కప్పెత్తి ఒక గుక్క తాగారు.

"ఇది కాదు," అన్నారు.

"ఏది కాదాంటీ?"

"ఇది ఎలెనా టీ కాదు. పుల్లలు అలాగే వేశావు. చేత్తో విరిచి వేయాలి. మరిగాక మూతపెట్టి వదిలేయాలి. నువ్వు దింపగానే పోసేశావు. బెల్లం ఏమాత్రం చాలలేదు."

భవిత వచ్చి తల్లి ఎదురుగా నిలబడింది. "అమ్మా, నీకెలా తెలుసు?"

"రోజూ తాగేదాన్ని కదే."

"నువ్వా? ఎప్పుడు?"

"నిన్ను తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు. ఆఫీస్ నుంచి అటే వచ్చేదాన్ని. కారు ఇంజనైనా ఆపకుండా వచ్చి, వాళ్ళ గుమ్మంలో నిలబడి తాగేదాన్ని. ఆవిడ తాగందే వదిలేది కాదు." ఆగి, కప్పులోకి చూస్తూ అన్నారు. "అప్పటికి నువ్వు ఆవిడ ఒళ్ళో నిద్రపోతూ ఉండేదానివి. నేనెత్తుకుంటే లేచి, ఆవిడ కోసం ఏడ్చేదానివి. టీ మాత్రం ఎంత బావుండేదో. నాకు ఒళ్ళు మండిపోయేది."

"అందుకా వేడి చేస్తుంది అన్నావు?"

"చేయదా మరి?"

భవిత వెళ్ళి తల్లి పక్కన కూర్చుని ఆవిడ భుజం మీద తల పెట్టింది. రాజారావు గారు ఫోన్ జేబులో పెట్టేసుకున్నారు. ముప్ఫై ఏళ్ళ సంసారంలో ఎప్పుడు ఫోన్ జేబులో పెట్టాలో ఆయన బాగా నేర్చుకున్నారు.

కథ ఇక్కడ ఆగిపోతే ఫణికి ఏ ఇబ్బందీ ఉండేది కాదు. కానీ నాగమల్లేశ్వరి గారు లేచి చేతులు కడుక్కున్నారు.

"జరుగు బాబూ. నేను చూపిస్తా."

"అమ్మా, ఆరెంజ్ పీల్ వేయాలి," అంది భవిత.

"ఆరెంజ్ పీల్ ఏమిటి? ఎలెనా ఎప్పుడూ వేయలేదు."

"ఎప్పుడూ వేసింది. నువ్వు డోర్ దగ్గర హర్రీలో తాగావు, నీకు తెలీదు."

"నువ్వు నిద్రపోయావు, నీకేం తెలుసు?"

ఇద్దరూ చెరో పొయ్యి వెలిగించారు. ఒక గిన్నెలో నారింజ తొక్క, మరో గిన్నెలో దిమ్మలో సగం. మధ్యవర్తిత్వానికి ఎలెనా గారికి వీడియో కాల్ చేశారు. ఆవిడ ఇప్పుడు కూతురి దగ్గర ఉంటోంది. ఇద్దరినీ చూసి కళ్ళు తుడుచుకుని, ఆపైన నవ్వి, అసలు సంగతి చెప్పింది. పిల్ల తొక్క వేయందే తాగేది కాదట. మరీ అలిసిపోయి వచ్చే తల్లి కప్పులో మాత్రం తీపి ఎక్కువ వేసేదట.

"అయితే ఏది కరెక్ట్?" అన్నారు తల్లీకూతుళ్ళు ఒకేసారి.

ఎలెనా గారు పెద్దమనిషి. వెనకాల నిలబడ్డ ఫణిని వేలితో చూపించి, ఆ అబ్బాయినే అడగమని ఫోన్ పెట్టేసింది.

ఇప్పుడు ఫణి ముందు రెండు కప్పులున్నాయి. రెండూ తాగాడు. రెండూ బ్రహ్మాండంగా ఉన్నాయి.

"నా టీ బాగుందంటే ఆష్‌బర్న్ వాళ్ళకి నేనే వద్దని చెప్పేస్తా," అన్నారు నాగమల్లేశ్వరి గారు. "సాయంత్రమే మీ అమ్మగారితో కూడా మాట్లాడతా."

"నా టీ బాగుంది అనకపోతే," అంది భవిత చాలా తీయగా, "ఎవరితోనూ మాట్లాడే నీడ్ ఉండదు."

ఫణి సాయం కోసం రాజారావు గారి వైపు చూశాడు. ఆయన మళ్ళీ కిటికీలోంచి టైర్లు చూస్తున్నారు. రఘువీర్‌కి మెసేజ్ పెడితే 'రెండూ కలిపి తాగు రా' అని జవాబొచ్చింది. వాడికి పెళ్ళి కాకపోవడానికి కారణం ఇదే అయ్యుంటుంది.

అయ్యా, అమ్మా, మీలో పెళ్ళయి, అత్తగారితోనూ భార్యతోనూ ఒకే వంటగదిలో నిలబడి ప్రాణాలతో బయటపడ్డ అనుభవజ్ఞులు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. ఏ కప్పు బాగుందనాలి? రెండూ బాగున్నాయి అనమని మాత్రం చెప్పకండి, అది అప్పుడే అనేశాడు, ఇద్దరికీ కోపం వచ్చింది. కాస్త తొందరగా ఆలోచించండి. టీ చల్లారిపోతోంది, వాళ్ళిద్దరూ అతని ముఖంలోకే చూస్తున్నారు.